పేగు పుండ్లను మాన్పడంలో వృద్ధి కారకాలు: ప్రయోగశాల జంతువుల అధ్యయనాలు నేర్పే పాఠాలు

సారాంశం

జీర్ణనాళపు లోపలి పొరలో ఏర్పడే పుండ్లు మానడంలో వృద్ధి కారకాల పాత్రపై ఎలుకలు, చిట్టెలుకలలో విస్తృతమైన ప్రయోగాలు జరిగాయి. బాహ్యచర్మ వృద్ధి కారకం, ప్రాథమిక ఫైబ్రోబ్లాస్టు వృద్ధి కారకం, కెరాటినోసైటు వృద్ధి కారకం వంటి మాంసకృత్తులు జంతువులలో పుండు మానడాన్ని వేగవంతం చేస్తాయని ఆ ప్రయోగాలు నిరూపించాయి. అయినప్పటికీ వాటిలో మానవ చికిత్సలోకి వచ్చినవి అతి కొద్ది మాత్రమే. ఈ అంతరానికి గల కారణాలను సస్యశాస్త్రంలో పోషక యాజమాన్యానికి ఆధారమైన నాలుగు సూత్రాల దృష్ట్యా, అనగా సరైన రూపం, సరైన మోతాదు, సరైన సమయం, సరైన స్థానం అనే క్రమంలో, ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జంతు ప్రయోగాల రచనలో తరచుగా దొర్లే ఒక ప్రధాన దోషాన్ని, దాని సవరణ మార్గాన్ని కూడా ఇందులో చర్చించడమైనది.

ముఖ్య పదాలు: వృద్ధి కారకాలు, పేగు పుండు, ఆంత్రమూలం, ప్రయోగశాల జంతువులు, ముర్రుపాలు, ప్రయోగ రచన, ప్రయోగ ప్రమాణం

1. పరిచయం

సస్యశాస్త్ర ఆచార్యుడు పేగు పుండ్లను గురించి వ్రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. జంతువులపై జరిపే ప్రతి ప్రయోగ ప్రతిపాదనను ముందుగా ఒక నైతిక సంఘం పరిశీలించాలన్నది మన దేశంలో నియమం. ఆ సంఘంలో ప్రతిపాదనకు సంబంధించిన విభాగంవారే గాక ఇతర జీవశాస్త్ర విభాగాలవారు కూడా ఉంటారు. అటువంటి సభ్యునిగా కొన్నేళ్ళు పనిచేసిన కాలంలో నా ముందుకు వచ్చిన కాగితాలలో పుండ్ల చికిత్సకు సంబంధించినవి గణనీయంగా ఉండేవి. వాటిని చదివి అర్థం చేసుకొనడానికి నేను చేసిన అధ్యయనమే ఈ వ్యాసానికి మూలం.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయంతో మరొక సంబంధం కూడా ఉన్నది. నాట్లు, కలుపుతీత, కోతల రోజులలో ఒళ్ళు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకొని, తరచుగా పరగడుపున, వేసుకొనడం మన పల్లెలలో సాధారణం. ఈ మాత్రలు జీర్ణాశయంలోను, పేగులలోను పుండ్లకు దారితీయగలవు. అదే సమయంలో ‘ముర్రుపాల పొడితో పుండ్లు మాయం’, ‘వృద్ధి కారకాలు గల ఆహారం’ వంటి ప్రకటనలు కూడా పల్లెల దాకా చేరుతున్నాయి. “ఎలుకలలో నిరూపితమైనది” అన్న మాట విన్నప్పుడు దానిని ఎంతవరకు స్వీకరించవచ్చునో చెప్పగలగడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యతలలో ఒకటి. అందుకు కావలసిన భూమికను సమకూర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పుండు స్వభావం, మానే క్రమం

పేగు లోపలి గోడను కప్పి ఉండే ఉపకళా కణాల పొర మన శరీరంలో అత్యంత వేగంగా కొత్తదయ్యే కణజాలాలలో ఒకటి. పేగు గోడలోని సన్నని గుంటల అడుగున ఉండే మూలకణాలు నిరంతరం విభజన చెందుతూ ఉంటాయి. పుట్టిన కణాలు పైకి జరుగుతూ, ఆంత్ర చూషకాల కొన చేరి, సుమారు 3 నుండి 5 రోజులలో రాలిపోతాయి. ఈ పునరుత్పత్తి వేగమే పేగుకు రక్షణ. కణ విభజనను అడ్డగించే మందులు మొదటగా పేగును దెబ్బతీయడానికి కారణం కూడా ఇదే.

గాయం పైపొరకు మాత్రమే పరిమితమైతే దానిని ఒరపిడి అంటారు. శ్లేష్మస్తరం అడుగున ఉండే పలుచని కండర పొరను కూడా దాటి లోపలికి దిగినప్పుడే అది పుండు అవుతుంది. ఈ భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఒరపిడి చికిత్స లేకుండానే త్వరగా పూడిపోతుంది కనుక ఒరపిడులను పుండ్లుగా లెక్కించిన ప్రయోగంలో ఏ మందైనా గొప్పదిగా కనబడుతుంది.

మానడం మూడు దశలలో జరుగుతుంది. మొదటి దశలో గాయపు అంచున ఉన్న కణాలు విభజన చెందకుండానే చదునుగా సాగి, జరిగి, ఖాళీని కప్పుతాయి. ఇది నిమిషాలలో మొదలై గంటలలో ముగుస్తుంది. రెండవ దశలో మూలకణాల విభజన పెరిగి కొత్త కణాల సరఫరా అధికమవుతుంది. మూడవ దశ లోతైన పుండ్లకు సంబంధించినది. పుండు అడుగున కొత్త రక్తనాళాలు పుట్టి, సంధాన కణజాలం ఏర్పడి, దానిపై ఉపకళ పరచుకొంటుంది. దీనికి రోజులు, వారాలు పడుతుంది. ఒక్కొక్క వృద్ధి కారకం ఈ మూడింటిలో వేర్వేరు దశలపై ప్రభావం చూపుతుంది. ఏ కారకం ఏ దశకు తోడ్పడుతుందో తెలియకుండా ‘పుండు మాన్పింది’ అనడం, ఎరువు వేర్లకు మేలుచేసిందో గింజకు మేలుచేసిందో చూడకుండా ‘పంటకు పనిచేసింది’ అనడం వంటిది.

3. ప్రయోగశాలలో పుండును కల్పించే పద్ధతులు

పుండును మాన్పే మందును పరీక్షించాలంటే ముందు పుండు ఉండాలి. పరిశోధకులు ఇందుకు అనేక నమూనాలను రూపొందించారు. వాటిలో ప్రధానమైనవి ఇవి.

సిస్టియమిన్ నమూనా: హాన్స్ సెల్యే, శాండర్ జాబో 1973లో వెల్లడించిన పద్ధతి ఇది. సిస్టియమిన్ అనే రసాయనం ఇచ్చిన ఎలుకలలో చిన్నపేగు తొలిభాగమైన ఆంత్రమూలంలో ఒకటి రెండు రోజులలోనే లోతైన పుండ్లు ఏర్పడతాయి. మనుషులలో వచ్చే ఆంత్రమూల పుండుకు స్థానంలోను రూపంలోను దగ్గరగా ఉండడం దీని ప్రత్యేకత.

ఇండోమెథాసిన్ నమూనా: ఇది నొప్పి నివారణ మందులలో ఒకటి. శ్లేష్మస్తరాన్ని కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని తగ్గించి చిన్నపేగు మధ్య, చివరి భాగాలలో పుండ్లు కలిగిస్తుంది. ఇందులో రెండు విశేషాలు గమనార్హం. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలో ఈ పుండ్లు అంతగా ఏర్పడవు. ఆహారం మానిపించిన ఎలుకలలోను చిన్నపేగు పుండ్లు బాగా తగ్గుతాయి. అనగా పేగులోని బాక్టీరియా, పైత్యరసం, మేత అన్నీ పుండులో భాగస్వాములే.

పెద్దపేగు నమూనాలు: ట్రైనైట్రోబెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఆల్కహాలులో కలిపి మలద్వారం గుండా ఇచ్చే పద్ధతి 1989లోను, డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియంను త్రాగునీటిలో కలిపి ఇచ్చే పద్ధతి 1990లోను ప్రచురితమయ్యాయి. రెండవ పద్ధతిలో రసాయనాన్ని ఆపగానే పేగు దానంతట అదే కోలుకొనడం మొదలవుతుంది.

మెథోట్రెక్సేట్ నమూనా: ఫోలిక్ ఆమ్లపు చర్యను అడ్డగించే ఈ క్యాన్సరు మందు పేగు కణాల విభజనను నిలిపివేసి ఆంత్ర చూషకాలను కుదింపజేస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని, దాని వ్యతిరేకులను వెలుగులోకి తెచ్చిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందు ప్రాణాలు కాపాడింది. అది పేగుకు కలిగించే హానిని ఎలా తగ్గించాలన్న ప్రశ్న కూడా ఆ మేలుతోపాటే పుట్టింది.

ఈ నమూనాలన్నింటిలోను పుండును మనమే కల్పిస్తున్నాము. రోగిలో పుండుకు కారణం కొనసాగుతూ ఉంటుంది. ఎలుకలో కారణం ఒక మోతాదుతో ముగుస్తుంది. జంతు ఫలితాలను చదివేటప్పుడు ఈ తేడాను మరువరాదు.

4. వృద్ధి కారకాలు: ఆవిష్కరణ నుండి చికిత్సా ప్రయోగాల వరకు

అమెరికాలో స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల అధోజంభికా లాలాజల గ్రంథుల సారంపై పనిచేస్తూ, ఆ సారం ఇచ్చిన చిట్టెలుక పిల్లలు కళ్ళు త్వరగా తెరుస్తున్నాయని గమనించారు. సాధారణంగా పన్నెండు నుండి పద్నాలుగు రోజులకు తెరుచుకొనే కనురెప్పలు ఆరేడు రోజులకే తెరుచుకొన్నాయి. పళ్ళు కూడా ముందుగా వచ్చాయి. ఆ కారకాన్ని వేరుచేసి 1962లో ప్రకటించారు. అదే బాహ్యచర్మ వృద్ధి కారకం, సంక్షిప్తంగా ఇ.జి.ఎఫ్. ఇది 53 ఆమినో ఆమ్లాల చిన్న మాంసకృత్తు. ఈ కృషికి కోహెన్, రీటా లెవీ-మొంతాల్చినీలకు 1986లో నోబెల్ బహుమతి లభించింది.

జీర్ణాశయ ఆమ్లస్రావాన్ని తగ్గించే యూరోగాస్ట్రోన్ అనే పదార్థం మానవ మూత్రంలో ఉన్నదని అప్పటికే తెలుసు. 1975లో హ్యారీ గ్రెగరీ దాని నిర్మాణాన్ని వెల్లడించినప్పుడు, అందులోని 53 ఆమినో ఆమ్లాలలో 37 చిట్టెలుక ఇ.జి.ఎఫ్.తో సరిపోయాయి. అది మానవ ఇ.జి.ఎఫ్. అని ఆ విధంగా తేలింది. లాలాజలంలోను, ఆంత్రమూలంలోని బ్రూనర్ గ్రంథుల స్రావంలోను ఉండే ఈ పదార్థం జీర్ణనాళాన్ని కాపాడుతున్నదా అన్న ప్రశ్న సహజంగా తలెత్తింది. ఎలుకలలో అధోజంభికా గ్రంథులను తొలగిస్తే జీర్ణాశయ పుండ్లు ఆలస్యంగా మానుతున్నట్లు ప్రయోగాలలో కనబడింది. జంతువులు గాయాన్ని నాకుకొనడం వెనుక ఉన్న మేలులో కొంత భాగానికి ఇదొక వివరణ.

1986లో డెన్మార్క్ పరిశోధకులు సిస్టియమిన్‌తో ఆంత్రమూల పుండ్లు కల్పించిన ఎలుకలకు కృత్రిమంగా తయారైన మానవ ఇ.జి.ఎఫ్.ను నోటి ద్వారా ఇచ్చారు. 25, 50 రోజుల చికిత్స తర్వాత పుండ్లు మానిన తీరు అప్పటి ప్రామాణిక ఔషధమైన సిమెటిడిన్‌తో సమానంగా ఉన్నది. సిమెటిడిన్ ఆమ్లాన్ని తగ్గించి పని చేస్తుంది. నోటి ద్వారా ఇచ్చిన ఇ.జి.ఎఫ్. ప్రధానంగా కణజాలాన్ని బాగుచేసి పని చేస్తుంది. హాని చేసేదానిని తగ్గించడం ఒక మార్గమైతే, కణజాలపు మరమ్మతు శక్తిని పెంచడం మరొక మార్గమని ఈ ఫలితం స్పష్టం చేసింది.

1991లో జుడా ఫోక్‌మన్, శాండర్ జాబో బృందం మూడవ దశపై దృష్టి పెట్టింది. ప్రాథమిక ఫైబ్రోబ్లాస్టు వృద్ధి కారకం కొత్త రక్తనాళాల పుట్టుకను ప్రేరేపిస్తుంది. అయితే అది ఆమ్లానికి తట్టుకోలేదు. అందువల్ల దాని నిర్మాణంలో సిస్టీన్ ఉన్న రెండు చోట్ల సెరీన్ ఉంచి, ఆమ్లానికి నిలిచే రూపాన్ని తయారుచేసి ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చారు. పుండు అడుగున రక్తనాళాల సాంద్రత తొమ్మిది రెట్లు పెరిగింది. పుండు సిమెటిడిన్ కంటె వేగంగా మానింది.

5. నాలుగు సూత్రాల వెలుగులో

పోషక యాజమాన్యంలో మనం విద్యార్థులకు బోధించే సూత్రం సుపరిచితమే: ఎరువు సరైన రూపంలో, సరైన మోతాదులో, సరైన సమయంలో, సరైన చోట పడాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడూ నిరుపయోగం కావచ్చు. వృద్ధి కారకాల ప్రయోగ చరిత్రను ఈ క్రమంలో పరిశీలిస్తే చెల్లాచెదురుగా కనబడే ఫలితాలు ఒక వరుసలోకి వస్తాయి.

5.1 సరైన రూపం: వృద్ధి కారకం మాంసకృత్తు కనుక పేగులోని ఎంజైములకు అది కూడా ఆహారమే. యూరియాను త్వరగా కోల్పోకుండా వేపపూత పూసినట్లే ఇక్కడ కూడా రక్షణ అవసరం. పైన చెప్పిన ఆమ్లానికి నిలిచే ఫైబ్రోబ్లాస్టు కారకం ఒక ఉదాహరణ. జి.ఎల్.పి.-2 అనే పేగు హార్మోను మరొకటి. ఇది పేగు ఉపకళ పెరుగుదలను ప్రేరేపిస్తుందని 1996లో చిట్టెలుకలలో తేలింది. కాని రక్తంలోని ఒక ఎంజైము దాని రెండవ స్థానంలోని అలనీన్ వద్ద త్వరగా కోసివేస్తుంది. అక్కడ గ్లైసీన్ ఉంచి తయారుచేసిన టెడుగ్లుటైడ్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2012లో అమెరికాలో ఇది పొట్టిపేగు వ్యాధికి అనుమతి పొందింది.

5.2 సరైన మోతాదు: వృద్ధి కారకాలు మైక్రోగ్రాములలో, అంతకంటె తక్కువలో పనిచేస్తాయి. కణం పైనున్న గ్రాహకాలు నిండిన తర్వాత మోతాదు పెంచినా ప్రతిస్పందన పెరగదు. పైగా ఇ.జి.ఎఫ్. అధికంగా తగిలిన కణం తన గ్రాహకాలను లోపలికి లాక్కొని వాటి సంఖ్యను తగ్గించుకొంటుంది. నత్రజని ఎక్కువైన వరి పడిపోయినట్లు, ఇక్కడ కూడా అధికం అంటే ఉత్తమం కాదు. ఒకే మోతాదుతో చేసిన ప్రయోగం నుండి ‘పనిచేయలేదు’ అని గాని ‘పనిచేసింది’ అని గాని సాధారణ సూత్రం చేయరాదు. కనీసం మూడు మోతాదుల ప్రతిస్పందన రేఖ అవసరం.

5.3 సరైన సమయం: నాలుగింటిలో ఎక్కువగా విస్మరణకు గురయ్యేది ఇదే. కెరాటినోసైటు వృద్ధి కారకంపై జరిగిన రెండు రకాల ప్రయోగాలను పోల్చి చూడండి. ట్రైనైట్రోబెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లంతో పెద్దపేగులో గాయం చేసిన ఎలుకలలో, గాయమైన తర్వాత ఇచ్చిన కారకం పుండ్లను తగ్గించింది. క్యాన్సరు మందులు, రేడియేషన్ వల్ల పేగు దెబ్బతినే నమూనాలో మాత్రం ముందుగా ఇచ్చినప్పుడు అది చిట్టెలుకలను కాపాడింది. దీనికి కారణం ఉన్నది. మొదటి నమూనాలో పని గాయాన్ని పూడ్చడం. రెండవదానిలో దెబ్బకు ముందే కణాల బలగాన్ని పెంచుకొని సిద్ధంగా ఉండడం.

సమయం తప్పితే మేలు కీడుగా మారవచ్చు. కణాలను విభజనకు పురికొల్పిన వెంటనే, విభజన చెందే కణాలనే చంపే మందు ఇస్తే హాని పెరుగుతుంది. అందుకే ఈ కారకం ఆధారంగా తయారై 2004లో రక్త క్యాన్సరు రోగులలో నోటి పూతకు అనుమతి పొందిన పాలిఫెర్మిన్‌ను, క్యాన్సరు మందుకు ముందు 24 గంటలలోను తర్వాత 24 గంటలలోను ఇవ్వరాదన్న నియమం ఉన్నది.

5.4 సరైన స్థానం: లాలాజలంలో ఇ.జి.ఎఫ్. నిరంతరం పేగులోకి దిగుతున్నా ఆరోగ్యకరమైన పేగు అదుపు లేకుండా ఎందుకు పెరగడం లేదన్నది చాలాకాలం చిక్కు ప్రశ్నగా ఉండినది. సమాధానం గ్రాహకాల స్థానంలో దొరికింది. ఎదిగిన పేగులో ఇ.జి.ఎఫ్. గ్రాహకాలు ప్రధానంగా కణం అడుగున, పక్కలలో ఉంటాయి గాని పేగు బోలు వైపు ఉండవు. పొర చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు కారకం గ్రాహకాన్ని చేరలేదు. పొర తెగినప్పుడే చేరుతుంది. ఈ కారణం చేతనే ఆర్. జె. ప్లేఫోర్డ్, ఎన్. ఎ. రైట్ దీనిని పేగు బోలులో కాపలా కాసే పెప్టైడుగా వర్ణించారు. రైట్ బృందమే 1990లో, దీర్ఘకాలిక పుండ్ల ప్రక్కన మూలకణాల నుండి ఒక కొత్త కణ వంశం పుట్టి, గ్రంథిగా ఏర్పడి, ఇ.జి.ఎఫ్.ను స్రవిస్తుందని మానవ కణజాలంలో చూపించింది. మనం బయటి నుండి ఇవ్వదలచిన మందును శరీరం పుండు ప్రక్కనే తయారుచేసుకొంటున్నదన్నమాట.

సూదిమందుగా ఇచ్చిన ఇ.జి.ఎఫ్. రక్తంలో కొద్ది నిమిషాలలోనే తొలగిపోతుంది. నోటి ద్వారా ఇచ్చినది పరగడుపు పేగులో జీర్ణమైపోతుంది. పెద్దపేగు పుండుకు అది చేరవలసిన దారి వేరు.

6. ప్రయోగ రచన: ఇందులో మడి ఏది?

నైతిక సంఘం ముందుకు ఒకసారి ఒక ప్రతిపాదన వచ్చింది. ఇండోమెథాసిన్‌తో పేగు పుండ్లు కల్పించిన 24 ఎలుకలకు ముర్రుపాల పొడి ఇచ్చి చూడాలన్నది ఉద్దేశం. నాలుగు సమూహాలు: నీరు, తక్కువ మోతాదు పొడి, ఎక్కువ మోతాదు పొడి, ప్రామాణిక ఔషధం. సమూహానికి ఆరు ఎలుకలు, ఒక్కొక్క సమూహం ఒక్కొక్క పంజరంలో, మందు త్రాగునీటిలో. ప్రతిపాదించిన యువ పరిశోధకురాలు ఎంతో శ్రద్ధగా తయారుచేసిన పత్రం అది. నేను ఒకే ప్రశ్న అడిగాను: “ఇందులో మడి ఏది?”

పొలంలో మనం మడికి ఎరువు వేస్తాము, మొక్కకు కాదు. మడిలో వంద మొక్కలు కొలిచినా పునరావృత్తి ఒక్కటే. అదే విధంగా పంజరం నీటిసీసాలో మందు కలిపినప్పుడు చికిత్స పొందినది పంజరం, ఎలుక కాదు. ఆరు ఎలుకలు ఒకే సీసా నుండి త్రాగుతాయి. ఒకదాని మలాన్ని మరొకటి తింటాయి. వాటి పేగు సూక్ష్మజీవులు క్రమంగా ఒకటవుతాయి. ఇండోమెథాసిన్ పుండులో సూక్ష్మజీవులే భాగస్వాములని పైన చూశాము. ఒక పంజరంలో పుండ్లు తక్కువైతే అది మందు గొప్పతనమా, ఆ పంజరపు సూక్ష్మజీవుల వల్లనా అన్నది ఈ రచనలో ఎన్నటికీ తేలదు. లెక్కలో దోషానికి 20 స్వతంత్రతా పరిమాణాలు ఉన్నట్లు కనబడుతుంది. వాస్తవంలో ఉన్నవి సున్నా.

“ప్రచురితమైన వ్యాసాలలో ఇలాగే చేశారండీ” అని ఆమె నొచ్చుకొన్నారు. నేను నా అనుభవమే చెప్పాను. ఉద్యోగం తొలి రోజులలో బిందుసేద్యంలో ఎరువుల ప్రయోగం చేస్తూ, ఒక్కొక్క మోతాదుకు ఒక్కొక్క వాల్వు పెట్టి, ఆ వాల్వు కింద ప్రక్కప్రక్కనే ఉన్న మూడు మళ్ళను మూడు పునరావృత్తులుగా లెక్కించాను. వాల్వు తేడా, నేల తేడా, మోతాదు తేడా కలగలిసిపోయాయి. రెండు పంటకాలాల శ్రమను పక్కన పెట్టవలసి వచ్చింది. నాకు పోయినది శ్రమ మాత్రమే. ఇక్కడ పోయేవి 24 ప్రాణాలు.

సవరణకు అదనపు ఎలుక ఒక్కటి కూడా అవసరం కాలేదు. ఆరు పంజరాలు, పంజరానికి నాలుగు ఎలుకలు, ప్రతి పంజరంలో ప్రతి చికిత్సకు ఒక ఎలుక. మనకు పరిచయమైన యాదృచ్ఛిక సమూహ రచన ఇదే; పంజరమే సమూహం. మందు నీటిలో గాక గొట్టం ద్వారా ఒక్కొక్క ఎలుకకు విడిగా ఇస్తారు. మొత్తం 23 స్వతంత్రతా పరిమాణాలలో పంజరాలకు 5, చికిత్సలకు 3 పోగా దోషానికి 15 మిగులుతాయి. ఇవి నిజమైన 15. ఒకే పంజరంలోని ఎలుకల మధ్య మలం ద్వారా చికిత్స కలిసే అవకాశం కొంత మిగిలే ఉంటుంది. దానిని నివేదికలో చెప్పుకోవాలి. రెండు మోతాదులలో ఒకదానికి బదులు సాధారణ పాలపొడిని చేర్చారు. ఆ పోలిక లేకపోతే కనబడిన మేలు ముర్రుపాలదో, ఏ పాలకైనా ఉండేదో చెప్పలేము. మోతాదుల ప్రతిస్పందన తర్వాతి ప్రయోగానికి మిగిలింది. పనిచేస్తున్నదో లేదో తేలిన తర్వాతనే ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఈ అనుభవం నుండి విద్యార్థులు గమనించవలసిన అంశాలు మరికొన్ని ఉన్నాయి.

(అ) పుండ్లను కొలిచే వ్యక్తికి ఏ ఎలుకకు ఏ చికిత్స అందినదో తెలియరాదు.

(ఆ) ప్రతి ఎలుక తిన్న మేతను, శరీర బరువును నమోదు చేయాలి. మందు వల్ల ఎలుక మేత తగ్గిస్తే ఇండోమెథాసిన్ పుండ్లు వాటంతట అవే తగ్గి, ఆ కీర్తి మందుకు దక్కుతుంది.

(ఇ) డెక్స్‌ట్రాన్ నమూనాలో త్రాగిన నీటిని కొలవాలి. రుచి నచ్చక తక్కువ నీరు త్రాగిన చిట్టెలుకకు తక్కువ గాయమవుతుంది. అది చికిత్స ఫలితం కాదు.

(ఈ) పుండు దానంతట అదే మానే వేగాన్ని చికిత్స లేని సమూహంలో వేర్వేరు రోజులలో చూడాలి. అన్ని పుండ్లూ మానిపోయిన రోజున కొలిస్తే మంచి మందుకు, నీటికి తేడా కనబడదు.

యాదృచ్ఛికీకరణ, పునరావృత్తి, స్థానిక నియంత్రణ అనే మూడు సూత్రాలను ఆర్. ఎ. ఫిషర్ రోథామ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తూ రూపొందించారు. పొలంలో పుట్టిన ఈ జ్ఞానాన్ని జంతుశాలకు అందించడంలో వ్యవసాయ శాస్త్రజ్ఞులకు బిడియం అక్కరలేదు. 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన జంతు ప్రయోగ నీతిలో జంతువుల సంఖ్యను తగ్గించడం ఒక ముఖ్య సూత్రం. సంఖ్యను గుడ్డిగా తగ్గించడం దాని ఉద్దేశం కాదు. ఏ సమాధానమూ ఇవ్వలేని ప్రయోగంలో వాడిన ఒక్క ఎలుక కూడా ఎక్కువే.

7. జంతువు నుండి మనిషికి

ఎలుకలలో ఇంత స్పష్టంగా పనిచేసినవి మానవ చికిత్సలోకి ఎందుకు రాలేదు? ఆంత్రమూల పుండు విషయంలో మొదటి కారణం, అవసరం తీరిపోవడం. 1982లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించిన హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ఈ పుండ్లకు ప్రధాన కారణమని తేలింది. బాక్టీరియాను నిర్మూలించే మందులు, ఆమ్లాన్ని బలంగా తగ్గించే మందులు రావడంతో పుండ్లు మానడమే గాక తిరిగి రావడం కూడా తగ్గింది. కారణాన్ని తొలగించగలిగినప్పుడు మరమ్మతును వేగవంతం చేయవలసిన అవసరం తగ్గుతుంది.

రెండవది పెద్దపేగు పుండ్ల వ్యాధి. ఇక్కడ స్థానం సరిగా కుదిరిన ఒక ప్రయోగం ఉన్నది. 2003లో ప్రచురితమైన బ్రిటిష్ అధ్యయనంలో, పెద్దపేగు ఎడమభాగంలో వ్యాధి ఉన్న 24 మంది రోగులలో 12 మందికి ఇ.జి.ఎఫ్.ను ఎనిమా ద్వారా రెండు వారాలపాటు ఇచ్చారు. వారిలో 10 మందికి వ్యాధి ఉపశమించింది. పోలిక సమూహంలోని 12 మందిలో ఉపశమనం పొందినది ఒక్కరే. ఫలితం ఆశాజనకమే గాని సంఖ్య చిన్నది. అదే కాలంలో కెరాటినోసైటు కారకానికి దగ్గరి బంధువైన రెపిఫెర్మిన్‌ను ఇదే వ్యాధిలో పరీక్షించగా ప్రయోజనం కనబడలేదు.

మూడవ కారణం భద్రత. గాయాన్ని పూడ్చే సంకేతమే క్యాన్సరు కణాన్ని కూడా పెంచగలదు. 2004లో పెద్దపేగు క్యాన్సరుకు అనుమతి పొందిన సెటుక్సిమాబ్ చేసే పని ఇ.జి.ఎఫ్. గ్రాహకాన్ని మూసివేయడం. ఒక వ్యాధిలో మనం తెరవాలనుకొనే తలుపును మరొక వ్యాధిలో మూయాలనుకొంటున్నాము. పెద్దపేగు పుండ్ల వ్యాధి దీర్ఘకాలం ఉన్నవారికి క్యాన్సరు ముప్పు ముందే అధికం. కొన్ని వారాలలో ముగిసే ఎలుక ప్రయోగం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు.

8. వ్యవసాయ రంగంతో సంబంధం

వృద్ధి కారకాలకు ప్రకృతిసిద్ధమైన మూలం పాలు, విశేషించి ముర్రుపాలు. 1993లో ప్లేఫోర్డ్ బృందం చేసిన అధ్యయనంలో, పరగడుపు పేగు రసంలో ధ్వంసమయ్యే ఇ.జి.ఎఫ్. పాలలోని కేసీన్ సమక్షంలో నిలిచి ఉండడం గమనించబడింది. దూడకు తల్లి కారకాన్ని, దానిని కాపాడే పూతను ఒకే పాత్రలో అందిస్తున్నదన్నమాట. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు చీజ్ తయారీలో మిగిలే పాల తేట నుండి వృద్ధి కారకాలను గాఢపరచి ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, మెథోట్రెక్సేట్ వల్ల కలిగే పేగు హానిని తగ్గించగలిగారు. 1999లో ఆవు ముర్రుపాలు ఇండోమెథాసిన్ హానిని ఎలుకల జీర్ణాశయంలోను, చిట్టెలుకల చిన్నపేగులోను తగ్గించినట్లు వెల్లడైంది.

కారకాన్ని చౌకగా ఉత్పత్తి చేసే ప్రయత్నాలు పంటల వైపు, సూక్ష్మజీవుల వైపు సాగుతున్నాయి. కెనడాలో ఇ.జి.ఎఫ్.ను తయారుచేసే లాక్టోకోకస్ బాక్టీరియాను రూపొందించి, త్వరగా తల్లిపాలు మాన్పించిన చిట్టెలుక పిల్లలకు ఇవ్వగా పేగు ఎదుగుదల మెరుగుపడినట్లు 2009లో ప్రచురితమైంది. అమెరికా పరిశోధకులు సోయాచిక్కుడు గింజలో మానవ ఇ.జి.ఎఫ్.ను ఉత్పత్తి చేసి, అది చురుకైన రూపంలోనే ఉన్నదని 2016లో చూపించారు. సస్యశాస్త్ర విద్యార్థులు ఈ దిశను గమనిస్తూ ఉండడం మంచిది.

అయితే విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు చెప్పవలసినది వేరు. ఈనిన పశువు ముర్రుపాలపై మొదటి హక్కు దూడది. పుట్టిన కొద్ది గంటలలోనే పట్టాలి. ఒక రోజు దాటిన తర్వాత అందులోని రక్షక పదార్థాలను దూడ పేగు పీల్చుకోలేదు. ఇక మనుషుల విషయానికి వస్తే, నొప్పి మాత్రలు పరగడుపున, వైద్యుని సలహా లేకుండా, రోజుల తరబడి వాడరాదు. కడుపులో మంట, నల్లని మలం, రక్తపు వాంతి కనబడితే ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఏ పాలపొడీ ఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

9. ముగింపు

వృద్ధి కారకాలు పేగు పుండ్లను మాన్పగలవన్నది ప్రయోగశాల జంతువులలో స్థిరపడిన విషయం. అది ఏ రూపంలో, ఎంత మోతాదులో, గాయానికి ముందా తర్వాతా, పేగు పొరకు ఏ వైపున అన్న వివరాలు లేనంతవరకు ఆ వాక్యం అసంపూర్ణం. అరవై ఏళ్ళ పరిశోధన కొన్ని మందులను ఇచ్చింది. అంతకంటె ఎక్కువగా, పేగు తనను తాను ఎలా బాగుచేసుకొంటుందో నేర్పింది. ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించినవి నోరులేని జీవాలు. వాటిపై ప్రయోగానికి పూనుకొనే ప్రతి విద్యార్థి కాగితం మీద మొదటి గడి నింపేముందు తన ప్రయోగంలో మడి ఏదో నిర్ణయించుకోవాలి. ఎలుకలలో నిరూపితమైనదన్న మాటను పల్లెలో వినే ప్రతి విస్తరణ శాస్త్రవేత్త కూడా అదే ప్రశ్నతో ప్రారంభించవచ్చు.